మిత్రుడి కోసం ఓటడిగినవారు ఎవరికి పూచీ?

2024 మే 11 శనివారం ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నికల ప్రచారానికి ఆఖరి రోజు. శాసనసభకూ లోక్‌సభకూ కలిపి 13వ తేదీన పోలింగు జరగవలసి ఉంది. ఆ ఆఖరి రోజున, చుట్టరికం ఉన్న రెండు సినీ కుటుంబాల నుంచి ఇద్దరు అగ్ర కథానాయకులు రెండు ఊళ్ళకు వెళ్ళారు. జనసేన అధ్యక్షుడు పవన్ కల్యాణ్ పోటీ చేస్తున్న పిఠాపురానికి ఆయన అన్న కుమారుడు రామ్‌చరణ్ తల్లి సురేఖతో కలిసి వెళ్ళగా, నంద్యాలలో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున రెండోసారి నిలబడిన శాసనసభ్యుడు శిల్పా రవిచంద్ర కిశోర్ రెడ్డి ఇంటికి అల్లు అర్జున్ సతీసమేతంగా వెళ్ళారు. అంతకు రెండు రోజుల ముందే అల్లు అర్జున్ పవన్ కల్యాణ్‌కు మద్దతు తెలుపుతూ సామాజిక మాధ్యమంలో ఒక ప్రకటన చేసి ఉన్నారు కనుక, మూడు రోజుల వ్యవధిలో ఆయన మద్దతు ఒకదానితో ఒకటి హోరాహోరీగా తలపడుతున్న రెండు పక్షాలకూ అందినట్టయింది. ఓట్లు లెక్కపెట్టినప్పుడు పవన్ కల్యాణ్ 70 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు, శిల్పా రవి తెలుగుదేశం అభ్యర్థి ఫరూఖ్ చేతిలో ఓడిపోయారు.

నంద్యాల పర్యటనకు ముందస్తు అనుమతి లేదనీ, నిషేధాజ్ఞలు అమల్లో ఉండగా వేల మంది గుమిగూడడానికి కారణమయ్యారనీ అల్లు అర్జున్ మీద, అభ్యర్థి మీద పోలీసులు కేసు పెట్టారు. నవంబరులో హైకోర్టు ఆ కేసును కొట్టివేసింది. చట్టానికి సంబంధించినంత వరకు ఆ అధ్యాయం అక్కడితో ముగిసింది. అభిమానులకు సంబంధించినంత వరకు మాత్రం అది అంత తేలికగా ముగియలేదు. నిన్నటి దాకా ఒకే జెండా కింద కేరింతలు కొట్టినవాళ్ళు రెండు శిబిరాలుగా చీలి, ఒకరినొకరు ఎంతెంత మాటలు అనుకున్నారో సామాజిక మాధ్యమాలు చూసేవారందరికీ తెలుసు. ఈ రెండింటి మధ్య అసలు అడగవలసిన ప్రశ్న ఒకటి నలిగిపోయిందని నాకు అనిపిస్తుంది. కోట్ల మంది ఆదరించే వ్యక్తి ఒక అభ్యర్థికి ఓటు వేయమని చెప్పినప్పుడు, లేదా ఓటు మాట ఎత్తకుండానే ఆ అభ్యర్థి చేయి పట్టుకుని మేడ మీద నిలబడినప్పుడు, ఆయన నెత్తిన పడే బాధ్యత ఏమిటి? అది ఎంత కాలం ఉంటుంది?

పోలింగు రోజున హైదరాబాద్‌లో ఓటు వేసి వచ్చాక అల్లు అర్జున్ ఇచ్చిన వివరణ సారాంశం ఇది: తనకు ఏ పార్టీతోనూ సంబంధం లేదు, శిల్పా రవి చిరకాల మిత్రుడు, అవసరమైనప్పుడు వస్తానని ఆయనకు మాట ఇచ్చాను, ఆ మాట నిలబెట్టుకోవడానికే వెళ్ళాను. ఇందులో మెచ్చుకోవలసినది ఉంది. ఆయన బంధాన్ని దాచలేదు. సిద్ధాంతం పేరు చెప్పి స్నేహాన్ని కప్పిపుచ్చలేదు. మన రాజకీయ ప్రచారాల్లో ఆ మాత్రం నిజాయితీ కూడా అరుదు కనుక దాన్ని తక్కువ చేసి చూడడం నాకు ఇష్టం లేదు. అయితే మిత్రుడికి ఇచ్చిన మాట మిత్రుడికి సంబంధించినది. నంద్యాల ఓటరుకు ఆ మాటలో ఏముంది?

మా నాన్న ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు. చిట్ ఫండ్ కంపెనీలకు ప్రభుత్వోద్యోగి సంతకమంటే ఎంత ప్రీతో తెలిసినవారికి, మా ఇంటికి షూరిటీ సంతకం కోసం ఎంత మంది వచ్చేవారో వేరే చెప్పనక్కరలేదు. వచ్చినవారిలో బంధువులు ఉండేవారు, సహోద్యోగులు ఉండేవారు, బాల్యమిత్రులు ఉండేవారు. ఆయన అందరికీ కాఫీ ఇప్పించి, ఎంత దగ్గరివాడైనా సరే, జీతం చీటీ చూపించమనేవారు. చిట్టు ఇంకా ఎన్ని నెలలు కట్టాలి, ఇప్పటికే ఎవరికైనా షూరిటీ ఉన్నావా, ఇంటి మీద అప్పు ఉందా అని అడిగేవారు. స్నేహం ఉంది కనుకనే ఆ మనిషి ఆయన దగ్గరికి రాగలిగాడు, కాని సంతకం పడడానికి అది ఒక్కటే చాలేది కాదు. అవతలివాడు కట్టకపోతే కోత పడేది తన జీతంలో అని ఆయనకు స్పష్టంగా తెలుసు. తారలు అభ్యర్థికి పలికే మద్దతులో లోపించేది సరిగ్గా ఈ భాగమే. అక్కడ సంతకం తారది, కోత పడేది ఓటర్లకు.

ఇక “పార్టీతో సంబంధం లేదు, మనిషితోనే” అన్న మాట వినడానికి బాగుంటుంది కాని, మన ఎన్నికల నిర్మాణంలో దానికి చోటు లేదు. శాసనసభ ఎన్నికలో మనం విడిగా ముఖ్యమంత్రికి ఓటు వేయం. 175 మంది సభ్యుల సభలో 88 మంది ఎవరి వైపు ఉంటే వారి ప్రభుత్వం ఏర్పడుతుంది. నంద్యాలలో వేసిన ఓటు నంద్యాల శాసనసభ్యుణ్ణి ఎన్నుకోవడంతో పాటు తాడేపల్లిలోనో ఉండవల్లిలోనో ఎవరు అధికారంలో ఉండాలన్న లెక్కలో కూడా చేరుతుంది. గెలిచిన సభ్యుడు సభలో పార్టీ విప్ ప్రకారం ఓటు వేయవలసిందే, కాదంటే ఫిరాయింపులను నిషేధించే రాజ్యాంగ పదవ షెడ్యూలు కింద సభ్యత్వమే పోతుంది. అటువంటప్పుడు పిఠాపురంలో ఒక పక్షం, నంద్యాలలో దాని ప్రత్యర్థి పక్షం గెలవాలని కోరుకున్న వ్యక్తి రాష్ట్రానికి ఏ ప్రభుత్వం రావాలని కోరుకున్నట్టు? వ్యక్తిగా ఆయనకు ఈ ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన అవసరం లేదు. అందరిలాగే ఆయన ఓటూ రహస్యమే. కాని ఇతరుల ఓటును ప్రభావితం చేయడానికి బహిరంగంగా ముందుకు వచ్చాక, ఆ ఓటు వల్ల జరిగేదానిలో సగాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుని మిగతా సగాన్ని పక్కన పెడతానంటే కుదరదు.

సినిమావాళ్ళు రాజకీయాలు మాట్లాడకూడదని నేను అనడం లేదు. అలా అనే హక్కు తెలుగువారిలో ఎవరికీ లేదు. 1982 మార్చి 29న ఒక సినీ కథానాయకుడు పార్టీ పెట్టి, తొమ్మిది నెలలు తిరిగేసరికి ముఖ్యమంత్రి అయిన నేల ఇది. ఆ మాటకొస్తే తామే ఎన్నికల్లో నిలబడిన తారల విషయంలో చిక్కు తక్కువ. వారు గెలిచినా ఓడినా ఐదేళ్ళకోసారి జనం ముందుకు వచ్చి లెక్క చెప్పవలసిందే. చిరంజీవి 2008 ఆగస్టులో ప్రజారాజ్యం పెట్టి, 2009లో 18 స్థానాలు గెలిచి, 2011లో పార్టీని కాంగ్రెస్‌లో కలిపేసినందుకు ఎదుర్కొన్న విమర్శ ఇవాళ్టికీ ఆయనను వదల్లేదు. తాను నిలబడకుండా, మరొకరిని నిలబెట్టి, ఫలితాలు రాగానే షూటింగుకు వెళ్ళిపోయే తార దగ్గరే అసలు చిక్కంతా ఉంది.

ఈ విషయంలో సంయమనానికి కూడా మన దగ్గర ఉదాహరణ ఉంది. 2009 ఎన్నికల్లో తెలుగుదేశం తరఫున ఊరూరా తిరిగిన జూనియర్ ఎన్టీఆర్ మార్చి నెలలో ప్రచారం నుంచి తిరిగి వస్తూ రోడ్డు ప్రమాదంలో గాయపడి, ఆసుపత్రి మంచం మీద నుంచి కూడా ఓటర్లకు విజ్ఞప్తి చేశారు. ఆ ఎన్నికల్లో ఆ పార్టీ అధికారంలోకి రాలేదు. తొమ్మిదేళ్ళ తరువాత, 2018 తెలంగాణ ఎన్నికల్లో సోదరి సుహాసిని కూకట్‌పల్లి నుంచి పోటీ చేసినప్పుడు ఆయన, కల్యాణ్‌రామ్ కలిసి ఆమె గెలవాలని కోరుతూ ఒక ప్రకటన విడుదల చేశారు కాని ప్రచారంలోకి దిగలేదు. సోదరి కోసం రోడ్డెక్కలేదని అప్పట్లో తప్పుపట్టినవారు చాలామందే. నాకు మాత్రం ఆ కొలత సబబుగానే కనిపించింది. ఆమె మా సోదరి, ఆమె గెలవాలని కోరుకుంటున్నాం అన్నంత వరకు చెప్పి, అంతకు మించి ఆమె కూకట్‌పల్లికి ఏం చేయగలరో తామే హామీ పడుతున్నట్టు ఊరేగింపు తీయకపోవడంలో ఒక మర్యాద ఉంది.

తారలు చెప్పినంత మాత్రాన జనం ఓట్లు వేస్తారా, ఓటరు అంత అమాయకుడా అని కొందరు అడుగుతారు. కాడని నేనూ నమ్ముతాను. తమిళనాడులో 1996లో రజనీకాంత్ అప్పటి ముఖ్యమంత్రి జయలలిత ప్రభుత్వానికి వ్యతిరేకంగా గళమెత్తి డీఎంకే, తమిళ మానిల కాంగ్రెస్ కూటమికి మద్దతు ఇచ్చినప్పుడు ఆ కూటమి ఊడ్చేసింది, జయలలిత స్వయంగా బర్గూరులో ఓడిపోయారు. రజనీ ఒక్క మాటతో ప్రభుత్వం కూలిందని ఆ తరువాత కథలు కథలుగా చెప్పుకున్నారు. అదే రజనీకాంత్ 2004 లోక్‌సభ ఎన్నికల్లో పీఎంకే పార్టీని ఓడించమని అభిమానులకు పిలుపునిచ్చి, బీజేపీ, అన్నాడీఎంకే కూటమికే తన ఓటని ప్రకటించారు. ఆ కూటమికి తమిళనాడులో ఒక్క స్థానం కూడా రాలేదు, పీఎంకే తాను నిలబడిన అన్ని చోట్లా గెలిచింది. ఎనిమిదేళ్ళలో ఆయన ఆకర్షణ తగ్గిందా అంటే అదేం లేదు, తరువాత వచ్చిన ఆయన సినిమాలకు కట్టిన క్యూలే అందుకు సాక్ష్యం. 1996లో గాలి అటు వీస్తోంది, 2004లో వీయలేదు, అంతే తేడా.

అయితే ప్రభావం తక్కువ కనుక బాధ్యత కూడా తక్కువ అన్న వాదన నాకు మింగుడుపడదు. ఓట్లు మారవని నిజంగా అనుకుంటే తార ఎందుకు వెళ్ళినట్టు, అభ్యర్థి ఎందుకు పిలిచినట్టు? అయినా తారలు మార్చేది ఓట్లను మాత్రమే అనుకోవడం పొరపాటు. వారు ఎన్నికల చర్చను మారుస్తారు. ఆ మే 11 సాయంత్రం టీవీ చానళ్ళలో నంద్యాల గురించి గంటల తరబడి చర్చ నడిచింది. అందులో కుందూ వరద గాని, పట్టణ తాగునీరు గాని, కొత్తగా జిల్లా కేంద్రమైన ఊరికి రావలసిన కార్యాలయాలు గాని ఎంత వినిపించాయి? ఏ హీరో ఎవరి ఇంటికి వెళ్ళాడు, ఎవరి మనసు నొచ్చుకుంది అన్నదే పోలింగుకు ముందు ఆఖరి రెండు రోజుల్ని మింగేసింది. నంద్యాల ప్రజలకు జరిగిన నష్టం ఇది. ఇందులో చానళ్ళ పాపం ఎక్కువే కాని, ఆ నిప్పుకు చమురు అందించినది ఆ పర్యటనే.

ఇక్కడ మన చట్టాల్లోని ఒక వింతను గుర్తు చేసుకోవాలి. ఇదే కథానాయకుడు ఒక తలనూనెకో శీతల పానీయానికో ప్రకటన చేసి, ఆ ప్రకటన జనాన్ని తప్పుదోవ పట్టించేదని తేలితే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం 21వ సెక్షన్ కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆయనకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు, మళ్ళీ అదే తప్పు చేస్తే 50 లక్షల వరకు వేయవచ్చు, ఏడాది పాటు ఏ వస్తువుకూ ప్రచారం చేయకుండా నిషేధించవచ్చు. తప్పించుకోవడానికి ఆయనకు ఉన్న దారి ఒక్కటే: ప్రకటనలో చెప్పిన మాటలు నిజమో కాదో తాను తగినంత శ్రద్ధగా విచారించానని చూపించడం. 2022లో వచ్చిన మార్గదర్శకాలు మరొక అడుగు ముందుకు వేసి, వస్తువును సిఫారసు చేసేవారికి తయారీదారుతో ఉన్న ఆర్థిక సంబంధాన్ని వెల్లడించాలని చెప్పాయి. నూనె సీసా విషయంలో ఇంత పట్టింపు ఉంది. ఐదేళ్ళ పాటు రెండు మూడు లక్షల మందికి ప్రాతినిధ్యం వహించే మనిషిని సిఫారసు చేసినప్పుడు మాత్రం ప్రజాప్రాతినిధ్య చట్టం ఆ సిఫారసుదారు మీద ఇటువంటి పూచీ ఏదీ పెట్టదు.

అటువంటి చట్టం కావాలని నేను కోరడం లేదు, వద్దే వద్దు. అధికారంలో ఎవరుంటే వారు తమకు గిట్టని తార మీద ప్రయోగించడానికి ఇంకొక ఆయుధం చేతికి అందుతుంది తప్ప ఓటరుకు ఒరిగేది ఉండదు. రాజకీయాభిప్రాయం చెప్పడం భావప్రకటన స్వేచ్ఛలో భాగం, నూనె అమ్మడం వ్యాపారం, రెండింటినీ ఒకే గాటన కట్టలేం. కాని చట్టం నూనె విషయంలో అడిగిన రెండు ప్రశ్నలు, విచారించావా, నీకేమైనా ప్రయోజనం ఉందా అన్నవి, మనిషికి మనిషి అడగదగిన మామూలు ప్రశ్నలే. వాటికి జవాబు చెప్పడానికి జరిమానా భయం అవసరం లేదు.

విచారించడం పెద్ద కష్టం కూడా కాదు. సుప్రీంకోర్టు 2002, 2003లో ఇచ్చిన తీర్పుల పుణ్యమా అని ప్రతి అభ్యర్థీ నామినేషన్‌తో పాటు ఫారం 26లో ప్రమాణపత్రం దాఖలు చేయాలి. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో దాన్ని ఎవరైనా తీసి చూసుకోవచ్చు. నేను ఓటు వేసే నియోజకవర్గపు అభ్యర్థుల పత్రాలు ప్రతిసారీ చదువుతాను. స్టాంపు కాగితం మీద మొదలై, ప్రతి పుట అడుగునా సంతకంతో, నోటరీ ముద్రతో నడిచే ఈ పత్రం చూడడానికి ఎంత నీరసంగా ఉంటుందో చదివితే అంత ఆసక్తిగా ఉంటుంది. ఐదేళ్ళ ఆదాయపు పన్ను రిటర్నుల్లో అభ్యర్థి ఎంత చూపించారు, జీవిత భాగస్వామి ఎంత చూపించారు, ఏ కోర్టులో ఏ సెక్షన్ల కింద కేసు పెండింగులో ఉంది, ప్రభుత్వంతో కాంట్రాక్టులు ఉన్నాయా, ప్రభుత్వ వసతి గృహానికి కరెంటు బకాయి ఉందా అన్నవన్నీ వరుసగా గళ్ళలో ఉంటాయి. ఏ గడినీ ఖాళీగా వదలకూడదు, లేదంటే లేదని రాయాలి. తప్పుడు వివరాలిస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు. దీన్ని చదవడానికి ఒక తారకు రెండు షాట్ల మధ్య కారవాన్‌లో దొరికే విరామం చాలు. చదివాక కూడా మద్దతు ఇవ్వాలనిపిస్తే ఇవ్వవచ్చు. “ఆయన మీద ఫలానా కేసు ఉందని నాకు తెలుసు, అయినా ఈ కారణం చేత నేను ఆయనను నమ్ముతున్నాను” అని ఒక తార బహిరంగ సభలో చెప్పిన రోజున నేను ఆ మద్దతుకు నిజంగా విలువ ఇస్తాను. మన వేదికల మీద వినిపించేది మాత్రం “అన్న మనసు బంగారం” అన్నంత వరకే.

ప్రయోజనం సంగతి ఇంకొంచెం సున్నితమైనది, తెలుగు సినిమా విషయంలో మరీను. ఇక్కడ ప్రభుత్వం సినిమాకు దూరంగా ఉండే వ్యవస్థ కాదు. టికెట్టు ధర ఎంత ఉండాలో, విడుదల రోజున అదనపు ఆటలు వేయవచ్చో లేదో రాష్ట్ర ప్రభుత్వం జీవోలతో నిర్ణయిస్తుంది. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన జీవోలో గ్రామపంచాయతీ పరిధిలోని ఏసీ లేని థియేటరులో కింది తరగతి టికెట్టు ఐదు రూపాయలు. దాన్ని మార్పించుకోవడానికి 2022 ఫిబ్రవరిలో చిరంజీవి, మహేశ్‌బాబు, ప్రభాస్, రాజమౌళి వంటివారు తాడేపల్లికి వెళ్ళి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డిని కలిసి విన్నవించుకున్నారు, మార్చిలో కొత్త ధరలు వచ్చాయి. ఇవాళ్టికీ రెండు రాష్ట్రాల్లోనూ భారీ సినిమా విడుదలకు ముందు ధర పెంపు జీవో కోసం నిర్మాతలు ఎదురుచూడవలసిందే. వందల కోట్ల పెట్టుబడి ఒక సంతకం మీద ఆధారపడి ఉన్నప్పుడు, ఆ సంతకం పెట్టబోయేవారి పక్షాన మాట్లాడే తార స్వేచ్ఛగా మాట్లాడుతున్నాడా, భయంతో మాట్లాడుతున్నాడా, ముందుచూపుతో మాట్లాడుతున్నాడా అన్నది ప్రేక్షకుడికి ఎలా తెలియాలి? మౌనంగా ఉన్న తారను తప్పుపట్టేటప్పుడు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవడం న్యాయం. అమెరికా తారలు ధైర్యంగా మాట్లాడతారు, మనవాళ్ళకు నోరు లేదు అని ఈసడించేవారు, అక్కడి సినిమా టికెట్టు ధరను ఏ గవర్నరూ నిర్ణయించడన్న సంగతి మరచిపోతారు.

డబ్బు పుచ్చుకుని మద్దతు పలికే వ్యవహారం గురించి ఎక్కువ చర్చ అనవసరం, ఎందుకంటే అందులో సందేహానికి తావు లేదు. 2019 ఎన్నికలకు ముందు ఒక వార్తా సంస్థ రహస్య కెమెరాలతో జరిపిన పరిశోధనలో, డబ్బు ఇస్తే తమ ఖాతాల్లో పార్టీకి అనుకూలంగా పోస్టులు పెట్టడానికి 30 మందికి పైగా సినీ, టీవీ ప్రముఖులు అంగీకరించినట్టు ఆ సంస్థ ఆరోపించింది. ఇప్పుడు యూట్యూబర్లు, ఇన్‌స్టాగ్రామ్ తారలు కూడా ఈ బజారులోకి వచ్చారు. సబ్బుకు చేసే పోస్టు కింద “ప్రకటన” అని రాసే చోట, అభ్యర్థికి చేసే పోస్టు కింద రాయకపోవడం శుద్ధ మోసం. పార్టీ తారా ప్రచారకుల జాబితాలో పేరు ఎక్కించుకుని తిరిగే నటుడి విషయంలో కనీసం ఆ పార్టీ మనిషి అని జనానికి తెలుస్తుంది. గుర్తింపు పొందిన పార్టీ 40 మంది దాకా పేర్లు ఇవ్వవచ్చు, వారి ప్రయాణ ఖర్చు అభ్యర్థి ఖాతాలో పడదు, ఆ వెసులుబాటుకు మూల్యంగా వారి రంగు బయటపడుతుంది. 2024లో దీనికి ఇంకొక తలనొప్పి తోడయింది. ఆమిర్ ఖాన్, రణ్‌వీర్ సింగ్ ఒక పార్టీకి అనుకూలంగా మాట్లాడుతున్నట్టు కృత్రిమ మేధతో తయారైన నకిలీ వీడియోలు వ్యాపించాయి, ఇద్దరూ పోలీసులకు ఫిర్యాదు చేయవలసి వచ్చింది. తన ముఖాన్ని ఎవరో అరువు తెచ్చుకున్నప్పుడు వెంటనే ఖండించడం కూడా ఇప్పుడు తార బాధ్యతల్లో చేరింది.

ప్రయోజనాల ఘర్షణను ఎలా పరిష్కరించుకోవచ్చో చూపించిన సందర్భం ఒకటి పంజాబ్‌లో ఉంది. తెలుగువారికి బాగా తెలిసిన సోనూ సూద్‌ను ఎన్నికల సంఘం 2020లో ఆ రాష్ట్రానికి ఓటరు చైతన్య ప్రతినిధిగా నియమించింది. 2022 ఎన్నికల్లో ఆయన సోదరి మాళవిక మోగా నుంచి పోటీకి దిగడం ఖాయం కావడంతో ఆయన ఆ హోదా నుంచి తప్పుకున్నారు. అందరి తరఫునా ఓటు వేయమని చెప్పే మనిషి ఒకరికి వేయమని చెప్పలేడు కనుక ముందు ఆ కుర్చీ దిగి, తరువాత సోదరి పక్కన నిలబడ్డారు. ఆమె ఓడిపోయారు, అది వేరే సంగతి.

ఇంత చెప్పాక, నా దృష్టిలో అన్నింటికన్నా బరువైన బాధ్యత ఎన్నికలకు ముందు ఉండదు, ఫలితాల తరువాతే మొదలవుతుంది. ఈ విషయంలో మనకున్న ఉదాహరణ, ఆయన రాజకీయాలతో ఏకీభవించినా ఏకీభవించకపోయినా, 2014 నాటి పవన్ కల్యాణ్. ఆ ఏడాది మార్చి 14న జనసేనను ప్రకటించిన ఆయన, ఆ ఎన్నికల్లో ఎక్కడా అభ్యర్థుల్ని నిలపకుండా తెలుగుదేశం, బీజేపీ కూటమికి ఓటడిగారు. కచ్చితంగా మనం మాట్లాడుకుంటున్న స్థానంలోనే ఆయన అప్పుడు ఉన్నారు: తాను పోటీలో లేరు, కాని తన మాట మీద ఓట్లు పడ్డాయి. ప్రత్యేక హోదాకు బదులు కేంద్రం ప్యాకేజీ ప్రకటించిన మర్నాడో ఆ మర్నాడో, 2016 సెప్టెంబరులో, కాకినాడ సభలో ఆయన దాన్ని పాచిపోయిన లడ్డూలతో పోల్చారు. 2017 జనవరిలో ఉద్దానం వెళ్ళి కిడ్నీ రోగుల గోడు విని, తాను గెలిపించమన్న ప్రభుత్వాన్నే ఏం చేశారని అడిగారు. 2018 మార్చిలో గుంటూరు దగ్గర సభలో ఆ ప్రభుత్వం మీద అవినీతి ఆరోపణలు చేసి తెగతెంపులు చేసుకున్నారు. అందులో రాజకీయ లెక్కలు లేవని ఎవరూ అనరు. 2019లో విడిగా పోటీ చేసి ఒక్క స్థానంతో సరిపెట్టుకుని, తాను నిలబడిన భీమవరం, గాజువాక రెండింటిలోనూ ఓడిపోయి, 2024లో మళ్ళీ అదే కూటమిలో చేరి, తన పార్టీ పోటీ చేసిన 21 శాసనసభ స్థానాలకు 21 గెలిచి ఉపముఖ్యమంత్రి అయ్యారు. కాకినాడలో అంత పదునుగా అడిగిన హోదా ప్రశ్న అధికారంలోకి వచ్చాక ఆయన నోట ఎంత పదునుగా వినిపిస్తోందో చదువరులే చెప్పాలి. అయినా ఆ 2014, 2018 మధ్య నాలుగేళ్ళలో “నేను చెబితే ఓటు వేశారు, కాబట్టి నేనే అడగాలి” అన్న వైఖరి ఆయన చేతల్లో కనిపించింది. ఓటడిగి వెళ్ళిపోయిన ఇతర తారల్లో ఎంత మంది ఆ నియోజకవర్గానికి మళ్ళీ వెళ్ళి, నేను గెలిపించమన్న మనిషి మీకేం చేశాడని అడిగారు?

అడగకపోవడంలో తప్పు వారిది మాత్రమే అంటే అన్యాయమవుతుంది. సినిమా విడుదలకు ముందు తారలు వరుసగా పదిహేను ఇరవై ఇంటర్వ్యూలు ఇస్తారు. అందులో పాత్ర కోసం ఎంత బరువు తగ్గారో అడుగుతారు, మొదటి రోజు వసూళ్ళ అంచనా అడుగుతారు, వంటల గురించీ పిల్లల గురించీ అడుగుతారు. ఫలానా ఎన్నికల్లో మీరు మద్దతిచ్చిన శాసనసభ్యుడి పనితీరు మీద ఇప్పుడు మీ అభిప్రాయం ఏమిటని ఒక్క విలేకరి అడగగా నేను చూడలేదు. రాజకీయాలు వద్దండీ అని నిర్వాహకులు ముందే చెప్పి ఉంటారు, విలేకరులు సరేనని ఉంటారు. ఎన్నికల ప్రచారంలో మాత్రం రాజకీయాలు వద్దని ఎవరూ అనలేదు కదా.

అభిమానుల సంగతీ ఇక్కడే చెప్పాలి. ఒక తార మద్దతు ప్రకటించిన మరుక్షణం ఊళ్ళో ఆయన అభిమాన సంఘం అధ్యక్షుడి పరిస్థితి ఇరకాటంలో పడుతుంది. రక్తదాన శిబిరం పెట్టినా, కటౌట్‌కు పూలదండ వేసినా నిన్నటి దాకా అన్ని పార్టీలవాళ్ళూ చందా ఇచ్చేవారు, రేపటి నుంచి సగం మంది మొహం చాటేస్తారు. తన ఓటు ఎవరికో అతను అప్పటికే నిర్ణయించుకుని ఉండవచ్చు, అది తన హీరో చెప్పినదానికి భిన్నంగానూ ఉండవచ్చు. “నా అభిప్రాయం ఇది, మీరు వేరేలా ఓటు వేసినా నాకు అభ్యంతరం లేదు, నా పేరు మీద ఎవరినీ తిట్టవద్దు” అని తార తన ప్రకటనలోనే రెండు వాక్యాలు కలిపితే ఆ కుర్రాడికి ఎంత ఊరట! నంద్యాల తరువాత నెలల తరబడి సాగిన బూతుల యుద్ధంలో ఇరు పక్షాల పెద్దలూ మొదటి వారంలోనే ఆ మాట గట్టిగా చెప్పి ఉండవలసింది.

2029లో మళ్ళీ ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఎన్నికలు వస్తాయి, తెలంగాణకు అంతకన్నా ముందే వస్తాయి. అప్పటికి ఏ తార ఏ ఊళ్ళో ఎవరి పక్కన నిలబడతారో ఇప్పుడు చెప్పలేం. వేదిక దిగుతున్న ఆ తారను పట్టుకుని, మీ మిత్రుడి ఫారం 26 చదివారా, చదివితే అందులో మిమ్మల్ని ఆలోచింపజేసినదేమిటి, గెలిచాక ఇక్కడికి మళ్ళీ ఎప్పుడు వస్తారు అని ఆ ఊరి విలేకరి ఒకరైనా అడగాలని నేను కోరుకుంటాను.